వాన పడిందని కొలత మానేయకండి: ముంగారు వానలకు ముందు కొన్ని కరువు జాగ్రత్తలు

పోయిన నెల మా పక్క ఊళ్ళో ఒకాయన నాలుగో బోరు వేయించాడు. రాత్రంతా రిగ్గు బండి మోత. తెల్లారేసరికి తొమ్మిది వందల అడుగులు దిగింది. చుట్టూ ఉన్న కంప చెట్ల మీద పిండి చల్లినట్టు రాతి దుమ్ము. చుక్క నీరు లేదు. ఆయన గట్టు మీద కూచుని బీడీ ముట్టించుకున్నాడు. అప్పుడు అడగాల్సిన మాట కాదు, అయినా అడిగాను: "మూడో బోర్లో పోయిన కార్తీకానికి నీళ్ళు ఎన్నడుగుల్లో ఉండె మామా?"

"దాన్నెవురు చూసిరబ్బా, పోస్తా ఉండె గదా" అన్నాడు.

టీవీలో కింద ఎల్‌నినో (పసిఫిక్ సముద్రం వేడెక్కడం, అది వస్తే మన వానలు తగ్గొచ్చు) స్క్రోలింగ్ మళ్ళీ తిరుగుతోంది కాబట్టి ఇది రాస్తున్నాను. ఇంకుడు గుంతలు తవ్వండి, డ్రిప్పు పెట్టండి, కుళాయి కట్టేయండి లాంటివి మీకు నాకంటే బాగా తెలుసు. వాటి జోలికి పోను. అనంతపురం వైపు ఊళ్ళలో వానగేజీలు, బోర్లలో నీటి మట్టం చూసే టేపు పట్టుకుని చాలా ఏళ్ళు తిరిగాను. విదేశాల డబ్బుతో వచ్చిన ప్రాజెక్టుల్లో జీతం తిన్నాను, అవి మూతపడుతుంటే సామాను సర్దింది కూడా నేనే. కరువుకు చెడిన ఊళ్ళు చాలా చూశాను. వాటిల్లో ఎక్కువ చోట్ల తప్పు ఒకటే. వానలు బాగా పడ్డ ఏడాది కొలత మానేశారు.

కరువు ఏడాది ఎవరైనా కొలుస్తారు. నేను చెప్పేది చెరువు నిండిన ఏడాది గురించి.

మా సంగతే వినండి. ఒక ఊళ్ళో వరసగా రెండేళ్ళు చెరువు నిండి మరవ (అలుగు) పారింది. ప్రాజెక్టు గడువు కూడా అప్పుడే తీరింది. బడి పక్కన కంచె వేసి పెట్టిన వానగేజీ గరాటు కిరసనాయిలు పోసుకోవడానికి ఒకరింటికి పోయింది. గీతలున్న గాజు జాడీ పాలు కొలవడానికి ఇంకొకరింటికి పోయింది. మూడో ఏడు వానలు ముఖం చాటేస్తే మళ్ళీ మమ్మల్ని పిలిచారు. నేను పోయి మట్టం చూసే బోరులోకి టేపు వదిలితే ఇరవై అడుగుల దగ్గర టక్కున ఆగింది. పిల్లోళ్ళు ఆడుకుంటూ రాళ్ళు వేసి పూడ్చేశారు. నోటు పుస్తకం తిరగేస్తే రెండేళ్ళ పేజీలు తెల్లగా ఉన్నాయి. ఆ రెండేళ్ళలో ఊళ్ళో కొత్త బోర్లు ఎన్ని పడ్డాయి, మట్టం ఎంత పైకొచ్చి ఎంత దిగింది, చెప్పేవాడు లేడు. ఊరిని అనను. తాళం చేతికిచ్చి సంతకం తీసుకుని వచ్చేసింది నేనే.

ఇది పల్లెటూరి అలసత్వం అనుకుంటే పొరపాటు. 1982–83లో పెద్ద ఎల్‌నినో వచ్చింది. అది బాగా ముదిరేదాకా శాస్త్రవేత్తలకే సరిగ్గా అంతుపట్టలేదు. ఆ దెబ్బకు కళ్ళు తెరిచి పసిఫిక్ మహాసముద్రంలో భూమధ్యరేఖ పొడుగునా దాదాపు 70 బోయాలను లంగరేసి నిలిపారు. అమెరికా, జపాన్, ఫ్రాన్స్, మరికొన్ని దేశాలు కలిసి చేసిన పని అది. పైన గాలిని, కింద వందల మీటర్ల లోతు దాకా నీటి వేడిని కొలిచి ఉపగ్రహానికి పంపే పీపాలవి. 1994 చివరికి వరస పూర్తయింది. 2012లో ఆ బోయాల బాగోగులు చూసే ఓడను ఖర్చు తగ్గించుకోవడానికి అమెరికా పక్కన పెట్టేసింది. రెండేళ్ళు తిరగకుండానే రావాల్సిన లెక్కల్లో 40 శాతమే వచ్చే గతి పట్టింది. అదీ ఎప్పుడు? ఎల్‌నినో వస్తుందా రాదా అని 2014లో దేశాలన్నీ తల పట్టుకున్నప్పుడు. ఆ ఏడు మన దేశంలో నైరుతి వాన 12 శాతం తక్కువ పడింది. మా గరాటు కిరసనాయిలుకు పోయింది, వాళ్ళ ఓడ పొదుపుకు పోయింది.

వార్త వినేటప్పుడు

ఎల్‌నినో అనగానే కరువు ఖాయం అనుకోవద్దు. 1997లో ఎల్‌నినో భీకరంగా ఉంది, దేశంలో వాన మామూలుగానే పడింది. 2002లో అది అంత బలమైనది కాదు, ముందస్తు అంచనా కూడా మామూలు వానే అంది. తీరా జూలైలో పడాల్సిన దాంట్లో సగం పడలేదు. అంచనా వింటే సిద్ధం కావాలి గానీ, దాన్ని తీర్పులా పట్టుకుని పొలం బీడు పెట్టకూడదు, నిమ్మళంగా పడుకోనూ కూడదు.

దేశం మొత్తం సగటు మీకు పనికిరాదు. 2023లో సీజన్ మొత్తం చూస్తే మామూలులో 94 శాతం వాన. వినడానికి బాగానే ఉంది. కానీ అందులో ఆగస్టు, 1901 నుంచి లెక్కలున్న ఆగస్టులన్నిట్లోకీ ఎండిపోయింది. మఖ పుబ్బలు వరపైతే మహా కరువు అని మన పెద్దోళ్ళు అన్నది సరిగ్గా ఆ రోజుల గురించే. కాబట్టి సీజన్ అంకె కంటే కార్తెల వారీగా, వారాల వారీగా ఏం జరుగుతోందో చూడండి. 2010 నుంచి దక్షిణాసియా దేశాల వాతావరణ శాఖలు ముంగారుకు ముందు ఒకచోట కూచుని ఉమ్మడి అంచనా ఇస్తున్నాయి. అది మ్యాపు రూపంలో వస్తుంది. అందులో మీ మూల ఏ రంగులో ఉందో చూసుకోండి, టీవీ యాంకరు గొంతు కాదు.

ఇక్కడ ఒక పాత సంగతి చెప్పాలి. మన తాతల నోళ్ళలో నిలిచిన ధాత కరువు, అంటే 1876–78 నాటిది, మన ఒక్కరిది కాదు. అవే రోజుల్లో ఉత్తర చైనాలో, బ్రెజిల్ ఈశాన్యంలో జనం పిట్టల్లా రాలారు. అప్పటికి మన వాతావరణ శాఖ పుట్టి రెండేళ్ళు. దాని అధిపతి హెన్రీ బ్లాన్‌ఫర్డ్, 1877లో గాలి పీడనం ఉండాల్సిన దానికంటే ఎక్కువ ఉందని గమనించి, మీ దగ్గరెలా ఉందని బయటి దేశాల వాళ్ళను అడిగాడు. ఆస్ట్రేలియాలో చార్లెస్ టాడ్ లెక్కలు పంపాడు. ఇండియాలో కరువు వచ్చినప్పుడు తమ దగ్గరా వస్తోందని తర్వాత ఆయనే రాశాడు. కరువు మీద దేశాల మధ్య సహకారం మొదలైంది ఇలా, ఒకరి నోటు పుస్తకం ఇంకొకరు చూడడంతో. వానలు బాగున్న ఏళ్ళ పేజీలు కూడా నింపి ఉంచారు కాబట్టే పోల్చుకోగలిగారు.

విత్తనానికి ముందు

ఒక విడతలో కనీసం 20 మిల్లీమీటర్లు పడనిదే చెనక్కాయ (వేరుశనగ) విత్తొద్దు. నేల పైన తడిసి కింద పొడిగా ఉంటే మొలక వచ్చి మాడుతుంది, విత్తనం ఖర్చు మొత్తం పోతుంది. వేలు గుచ్చి చూడడం కాదు, గేజీ చూడండి.

విత్తనం అంతా ఒకే పదునుకు వేయొద్దు.

అనంతపురంలో 1940లలో వచ్చిన టీఎంవీ-2 రకాన్నే దశాబ్దాలు పట్టుకుని వేలాడాం. పటాన్‌చెరులో 1972 నుంచి ఉన్న ఇక్రిశాట్ అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థే అయినా, అక్కడ తయారైన ఐసీజీవీ 91114 మన పొలాల్లో రైతుల చేత వేయించి చూశాకే ఇక్కడికి విడుదలైంది. తొందరగా కాపుకొస్తుంది, మధ్యలో వరపు వచ్చినా కొంత తట్టుకుంటుంది. ఇది వేయండని చెప్పడం లేదు, ఇప్పుడు కదిరి రకాలు కూడా ఉన్నాయి. మీ నేలకు ఏది నిలిచిందో రాసుకున్న పుస్తకం ఉందా అని అడుగుతున్నా. లేకపోతే అంగడివాడు ఇచ్చిందే మీ రకం.

జూలై దాటినా విత్తలేకపోతే చెనక్కాయ మీద ఆశ వదిలేయండి. ఉలవ, కొర్ర, అనుము, జొన్న విత్తనం రోహిణి కార్తెలోనే ఇంట్లో మూట కట్టి పెట్టుకోవాలి. ఆగస్టులో అందరూ ఒకేసారి వెతికితే దొరకదు. జిల్లాల వారీగా ఏ వారానికి వాన రాకపోతే ఏం వేయాలో హైదరాబాదులోని క్రిడా (కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ) ప్రణాళికలు రాసి పెట్టింది. మీ రైతు సేవా కేంద్రంలో అడిగి తీసుకోండి.

నీళ్ళ లెక్క

బోరు పోస్తోంది అనేది లెక్క కాదు. ఇంటి దగ్గర 200 లీటర్ల డ్రమ్ము ఉంటుంది కదా, పైపు కింద పెట్టి ఎన్ని సెకన్లకు నిండిందో చూడండి. 80 సెకన్లకు నిండితే గంటకు 9,000 లీటర్లు. రోజుకు ఏడు గంటలు మోటారు ఆడితే వంద రోజుల్లో 63 లక్షల లీటర్లు. ఎకరం వరికి దాదాపు 1,200 మిల్లీమీటర్ల నీళ్ళు కావాలి. ఎకరంలో మిల్లీమీటరు అంటే 4,000 లీటర్లు, అంటే వరికి 48 లక్షలు. సరిపోయిందనుకుంటారు. సంక్రాంతికి అదే డ్రమ్ము 200 సెకన్లకు గానీ నిండకపోతే? అప్పుడు ఆ బోరు సత్తా వంద రోజులకు 25 లక్షలు. ఎకరం చెనక్కాయకు, 500 మిల్లీమీటర్ల లెక్కన, 20 లక్షలు చాలు, అది గట్టెక్కుతుంది. వరి పొట్ట మీద ఎండుతుంది. అప్పుడే రిగ్గు బండికి ఫోన్లు పోతాయి.

ఈ లెక్కను ఊళ్ళకు ఊళ్ళే వేసి చూపించిన చోటు అప్పటి మన ఉమ్మడి రాష్ట్రమే. 2003లో మొదలైన ఏపీఫామ్స్ అనే ప్రాజెక్టుకు నెదర్లాండ్స్ డబ్బిచ్చింది, తర్వాత ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ చేతుల మీదుగా నడిచింది. అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్గొండ, ఈ ఏడు జిల్లాల్లో 600 పైచిలుకు పల్లెలు. రైతులే, ఆడవాళ్ళు కూడా, రోజూ వాన కొలిచారు, పదిహేను రోజులకోసారి మట్టం చూశారు. రబీకి ముందు అందరూ కూచుని, వాగు పరివాహకం మొత్తానికి నీళ్ళెన్ని, ఎవరేం వేస్తే ఎంత కావాలి అని గోడ మీద రాసేవాళ్ళు. వరి వేయొద్దని ఎవరూ ఎవరినీ ఆపలేదు, జరిమానాల్లేవు. గోడ మీద అంకె ఎర్రగా కనపడితే చాలామంది తమంతట తామే పంట మార్చారు. చుట్టుపక్కల దేశాల నుంచి వచ్చి చూసి పోయారు. ఆ ప్రాజెక్టు నుంచి నేను నేర్చుకున్నది ఒకటే, కొలిచే చెయ్యి పొలం ఉన్నవాడిదే అయి ఉండాలి.

కొలత మానేసిన బోరు పక్కన కొత్త బోరు వేయకండి. రెండింటికీ కింద ఉన్న నీళ్ళు ఒకటే. మీరు లోతుకు పోతే పక్కాయనది ఎండుతుంది. ఆయన ఇంకా లోతుకు పోతే మీది ఎండుతుంది.

రిగ్గు అప్పు మీద వస్తానంటే వెనక్కి పంపండి.

ఊళ్ళోకి ప్రాజెక్టు జీపు వస్తే, శాలువా కప్పే ముందు ఒక ప్రశ్న అడగండి: మీరు పోయాక ఈ గేజీ ఎవరు చూస్తారు? జవాబు కాగితం మీద రాయించుకోండి. "కమిటీ చూస్తుంది" అంటే ఒప్పుకోకండి. పేరు కావాలి.

ప్రాజెక్టులో పనిచేసే పిల్లలకు: మీ రిపోర్టులో ఫోటోల కంటే మీరు పోయిన రెండేళ్ళకు పుస్తకంలో పేజీలు నిండి ఉన్నాయా అన్నదే లెక్క. నేను ఓడిపోయింది అక్కడే.

ముందే తెలిసినా డబ్బు కదలకపోవచ్చు. సోమాలియాలో వానలు తప్పుతాయని 2010 ఆగస్టు నుంచే హెచ్చరికలు మొదలయ్యాయి. క్షామం అని ప్రకటించింది 2011 జూలై 20న. సాయం పెద్దెత్తున కదిలింది ఆ ప్రకటన తర్వాతే. దాదాపు 2 లక్షల 58 వేల మంది చనిపోయారని తర్వాత లెక్క తేలింది, సగం మంది ఐదేళ్ళలోపు పిల్లలు. 2017లో అక్కడే మళ్ళీ అలాంటి కరువొస్తే ముందే కదిలారు, క్షామం దాకా పోలేదు. కాబట్టి మీ ఊళ్ళోనూ "చూద్దాం" అనే మాట లేకుండా అంకె ముందే పెట్టుకోండి. జూలై నెలాఖరుకు ఇన్ని మిల్లీమీటర్లు దాటకపోతే వరి లేదు, పశువుల్లో ఇన్ని అమ్మకం. వానలు బాగున్న ఏడాది కూచుని ఒప్పుకోవాలి ఇది. ఎండిన ఏడాది కూచుంటే పోట్లాటే.

పశువుల్ని ఉత్తర కార్తె దాకా ఆపి తెగనమ్మొద్దు. అమ్మదలిస్తే ఒంటి మీద కండ ఉన్నప్పుడే అమ్మాలి.

పరాయి కన్ను మీద భరోసా వద్దు. ఇథియోపియా క్షామం తర్వాత 1985లో అమెరికా పెట్టిన ఫ్యూస్‌నెట్ అనే కరువు హెచ్చరికల వ్యవస్థ నలభై ఏళ్ళు ఆఫ్రికా కరువులను ముందుగా చెప్పింది. 2025 జనవరిలో డబ్బు ఆపేస్తే దాని వెబ్‌సైటు ఒక్కసారిగా చీకటైంది. సహారా ఎడారికి దక్షిణాన ఉన్న సహేలు దేశాలు ఇంకోలా చేశాయి. 1970ల మొదట్లో కరువు తిన్నాక తమ కూటమి తామే కట్టుకుని, నైజర్ రాజధాని నియామేలో తమ సొంత వాతావరణ కేంద్రం పెట్టుకున్నాయి. వాటికీ డబ్బు తిప్పలే, బయటి సాయం కావాల్సిందే. కానీ కొలిచేవాళ్ళు ఆ ఊరివాళ్ళే.

రియాద్‌లో 2024 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి ఎడారీకరణ సదస్సు జరిగింది. పేద దేశాల కరువు పనులకని 1,215 కోట్ల డాలర్ల హామీలు వినపడ్డాయి. అందరూ కట్టుబడాల్సిన ఒప్పందం మాత్రం కుదరలేదు, మంగోలియా సదస్సుకు వాయిదా పడింది. హామీని నమ్ముకుని విత్తకండి.

కేంద్రం 2016 కరువు మాన్యువల్ ప్రకారం ఖరీఫ్ కరువు ప్రకటించడానికి గడువు అక్టోబరు 30. ఆ తర్వాత ధర్నా చేస్తే ఎండ తప్ప ఏమీ తగలదు. పొలాలు చూసేది కూడా అన్ని ఊళ్ళలో కాదు, పదోవంతు ఊళ్ళలో. మీ ఊరు అందులో ఉందో లేదో సెప్టెంబరులోనే అడగండి.

వాతావరణ బీమా అయితే మీ పొలం చూడరు. స్టేషన్ రికార్డు చూస్తారు. మీ గేజీ అంకె వాళ్ళు ఒప్పుకోకపోవచ్చు, అయినా రాయండి. మా ఊళ్ళో 11 పడితే మండలంలో 38 ఎలా అయిందని తేదీతో సహా అడగగలిగేది రాసి పెట్టుకున్నవాడే.

ఉత్తర చూసి ఎత్తరా గంప అన్నారు. వలసకు గంప ఎత్తాల్సి వస్తే రేషను కార్డు నంబరు, ఆధారు వెంట పెట్టుకోండి. బియ్యం దేశంలో ఎక్కడైనా తీసుకోవచ్చు. పిల్లల టీసీ తీసుకుని పొండి.

ట్యాంకరు నీళ్ళు కాచి తాగండి.

చెట్టు కొట్టొద్దు. మామిడి మీద ఆకులు రాల్తున్నా కొట్టొద్దు, పాదులో చెత్త కప్పండి.

వాన పడ్డ మరునాడు గేజీ కడగండి. గరాటులో పిచ్చుక గూడు లేకుండా చూడండి. మట్టం చూసే బోరుకు మూత వేసి తాళం పెట్టండి, తాళంచెవి ఇద్దరి దగ్గర ఉండాలి.

చెరువు మరవ పారిన రోజు కూడా రాయండి. ఆ రోజే ముఖ్యం. పండక్కి ఊరెళ్తే పక్కింటి పిల్లకు చెప్పి పోండి.

గేజీ లేదంటారా, నేరుగా నిలువు గోడలున్న డబ్బా, పాలపొడిదైనా సరే, పైన వంపు లేనిది తీసుకోండి. చెట్టు, ఇంటి చూరు తగలని చోట రెండు రాళ్ళ మధ్య గట్టిగా నిలపండి. పొద్దున ఎనిమిదిన్నరకు బడిపిల్లల స్కేలు నిలువుగా ముంచి తడి ఎంత దాకా ఉందో చూడండి. స్కేలు మీద ఎన్ని మిల్లీమీటర్లుంటే వాన అన్ని మిల్లీమీటర్లు. డబ్బా వెడల్పు ఎంతైనా ఫరవాలేదు. రాశాక నీళ్ళు పారబోసి మళ్ళీ అక్కడే పెట్టండి. ఏమీ పడకపోతే సున్నా అని రాయండి, గడి ఖాళీగా వదలకండి.